బస్సు సీటు, సినిమా బెంచీ

'ఆడాళ్లకి ఫ్రీ బస్సు పెట్టినప్పట్నుంచీ బస్సెక్కాలంటే అసహ్యం పుడుతోందండీ!'

ఈ మాట ఉయ్యూరు నుంచి బెజవాడ వస్తున్న పల్లెవెలుగు బస్సులో విన్నాం. అన్నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి. నిలబడి ఉన్నాడు. ఆయన ముందు సీట్లో కూర్చున్నది టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకున్న కూలి మనిషి, వయసులో ఆయనకి అక్కలా ఉంటుంది. 'లేమ్మా, మేం డబ్బులు పెట్టి టిక్కెట్టు కొన్నవాళ్లం' అన్నాడాయన. ఆవిడ కొంగు ముడి విప్పి కండక్టరు కొట్టిచ్చిన జీరో టిక్కెట్టు తీసి చూపించింది. 'నాకూ కొట్టాడయ్యా టిక్కెట్టు' అంది. లేవలేదు. బస్సులో కొందరు నవ్వారు. పెద్దమనిషి కిటికీలోంచి చెరుకుతోటలు చూసుకుంటూ పోయాడు.

ఆ పెద్దమనిషికి కడుపుమంట ఎందుకో ఆలోచించాలి. ప్రభుత్వ సొమ్ము వృధా అవుతోందనా? అలాగైతే ఆయన రైతు బజారు దగ్గర్నుంచి పంటరుణం మాఫీ దాకా ఎన్నింటికో ఏడవాలి. ఏడవలేదు. ఆయన బాధ డబ్బుది కాదు, సీటుది. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు అన్నదే.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న 'స్త్రీ శక్తి' పేరుతో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇది చెల్లుతుంది. తెలంగాణలో 'మహాలక్ష్మి' పేరుతో 2023 డిసెంబర్ 9 నుంచే ఉంది. ఏ పార్టీ పెట్టింది, ఎన్ని ఓట్ల కోసం పెట్టింది అన్న లెక్కలు పార్టీల వాళ్లు వేసుకుంటారు. మనం వేసుకోవాల్సిన లెక్క వేరే ఉంది. బస్సు సీటు మనకి ఊరికే రాలేదు.

బాబాసాహెబ్ చిన్నతనంలో, 1901లో, కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరకి అన్నతో, మేనల్లుడితో కలిసి రైల్లో బయలుదేరారు. మసూరు స్టేషన్లో దిగారు. మంచి బట్టలు వేసుకున్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టర్ ముందు బాగానే మాట్లాడాడు. మహర్లమని తెలియగానే ముఖం మార్చుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు. ఒక్క బండివాడూ వాళ్లని ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగ తీసుకుని ఒప్పుకున్నాడు. అదీ ఎలాగంటే, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు! పిల్లలకి రాత్రంతా తాగడానికి నీళ్లు దొరకలేదు. ఆ తర్వాత 1929లో, పెద్ద చదువులు చదివి, బారిస్టరై, ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడిగా తిరుగుతున్న రోజుల్లో చాలీస్‌గావ్‌లో ఇంకోటి జరిగింది. జట్కావాళ్లెవరూ ఆయన్ని తీసుకుపోనన్నారు. మన వాళ్లే జట్కా సంపాదించి, తోలడం రానివాడి చేతికి పగ్గాలిచ్చారు. వంతెన దగ్గర జట్కా తిరగబడింది, బాబాసాహెబ్ కాలు విరిగింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో ఇవన్నీ ఆయనే రాసుకున్నారు. డబ్బు ఉన్నా బండి దొరకని కాలం అది. అందుకే మన వాళ్లకి రైలూ బస్సూ కేవలం ప్రయాణాలు కావు. టిక్కెట్టు కొడితే కులం అడగకుండా ఎక్కించుకున్న మొదటి బండ్లు అవి.

కాదూ కూడదని అనేవాళ్లు మన పల్లెల్లో పెద్దవాళ్లని అడగండి. ఊళ్లో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన మనిషి బస్సెక్కాక చెప్పులు కాళ్లకి వేసుకునేవాడు. ఉయ్యూరు దాటేసరికి భుజం మీద కండువా సరిగ్గా పడేది. కంకిపాడు దాటేసరికి గొంతు కాస్త లేచేది. బెంజి సర్కిల్లో దిగేసరికి ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేని మనిషి అయ్యేవాడు. సాయంత్రం తిరిగి ఊళ్లో దిగేటప్పుడు మళ్లీ చెప్పులు చేతిలోకి. ముప్ఫై కిలోమీటర్ల తేడా! ఆ తేడా తెలిసినవాడే ఒకరోజు చెప్పులు విప్పకుండా ఊళ్లో దిగాడు. ఊళ్లో గొడవలు చాలావరకు అక్కడ మొదలయ్యాయి. 'పట్నం నీళ్లు తాగాడు, కళ్లు నెత్తికెక్కాయి' అని పెద్ద కులాలవాళ్లు అనేది అందుకే.

అలాగని బెజవాడ మనకేదో పుట్టిల్లని భ్రమ పడొద్దు. 1917 నవంబర్లో ఇదే ఊళ్లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగింది. మేం పంచములం కాదు, ఈ నేల మీద మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని ఆ సభలోనే పేరు మార్చుకున్నారు. సభ జరిగిన రోజుల్లో ఎక్కడ లోపలికి వచ్చేస్తారోనని కొండమీద కనకదుర్గ గుడికి తలుపులు మూసేశారు. అద్దె ఇంటికి పోతే 'మీరేవిట్లు?' అని అడిగే వీధులు బెజవాడలో ఇవాళా ఉన్నాయి. అయితే గుడీ ఇల్లూ మూసిన పట్నమే మనకి రెండు చోట్ల తలుపు తీసింది. ఒకటి బస్సు. రెండోది సినిమాహాలు.

సినిమాహాలు అంటే చిన్నచూపు చూడొద్దు. రాజ్యాంగం 15వ అధికరణం రాసినవాళ్లు చిన్నచూపు చూడలేదు. దుకాణాలు, హోటళ్లతో పాటు ప్రజలు వినోదానికి పోయే చోట్లలోకి కూడా కులం పేరుతో ఎవర్నీ రానివ్వకపోవడం కుదరదని అందులో రెండో క్లాజులోనే రాశారు. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం నాలుగో సెక్షను వినోదస్థలాల్నీ, ప్రజలు ఎక్కే బండ్లనీ పేరుపెట్టి చెప్పింది. 2015లో అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు మళ్లీ రాయాల్సి వచ్చింది. రాయాల్సి వచ్చిందంటే ఆపేవాళ్లు ఉన్నట్టే కదా!

ఆంధ్రదేశంలో సినిమాహాలుకి మొదటి ఊరు బెజవాడ. 1921లో ఇక్కడ మారుతీ హాలు వెలిసింది. ఆ తర్వాత గవర్నరుపేట, గాంధీనగరం నిండా హాళ్లే. దుర్గా కళామందిరం, లీలామహల్, విజయా టాకీస్, అలంకార్, అప్సర, ఊర్వశి, మేనక, రాజ్, యువరాజ్... మన పల్లెల్లో అక్షరం రానివాళ్లకి కూడా ఈ పేర్లు వచ్చు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తరగతులు ఉండేవి. అవి డబ్బు తరగతులు. నేల టిక్కెట్టు కొన్నవాళ్లలో మాలా ఉన్నాడు, మాదిగా ఉన్నాడు, రిక్షా తొక్కే కాపూ ఉన్నాడు, ఊళ్లో ఆస్తి పోగొట్టుకున్న కమ్మ కుర్రాడూ ఉన్నాడు. దీపాలు ఆర్పాక పక్కవాడి మోచెయ్యి ఏ కులానిదో తెలీదు. ఇంటర్వెల్లో ఒకే సోడాబండి, ఒకే గ్లాసు. అదే మనిషి మర్నాడు తన ఊరు పోతే టీకొట్టులో చూరుకి చెక్కిన వేరే గ్లాసు తీసుకుని, తాగి, కడిగి పెట్టాలి. ఆ గ్లాసుకీ ఈ గ్లాసుకీ మధ్య ఆలోచన పుట్టకుండా ఎలా ఉంటుంది?

తెర మీద మాత్రం హీరో ఎవరి కొడుకో, ఎవరి మనవడో మనకి తెలుసు. అతగాడి కటౌట్‌కి పూలదండ వెయ్యడానికి నిచ్చెనెక్కేది మాత్రం మన కుర్రాడు. ఆ సంగతి ఇంకోసారి రాద్దాం.

పట్నం హాల్లో చెల్లిన టిక్కెట్టు ఊళ్లో హాల్లో చెల్లలేదు. దానికి సాక్ష్యం చుండూరు. 1991 జూలైలో ఆ ఊరి సినిమాహాల్లో డిగ్రీ చదివిన మన కుర్రాడి కాలు ముందు సీట్లో ఉన్న రెడ్డి కుర్రాడికి తగిలింది. తగిలింది, అంతే. బెజవాడ హాల్లో అయితే 'సారీ' అంటే అయిపోయేది. చుండూరులో అది నెల రోజులు రాజుకుంది. పల్లెని వెలివేశారు. కూలి ఆపేశారు. ఆగస్టు 6న తరిమి తరిమి ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో పారేశారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చదువుకుని, రైలెక్కి ఉద్యోగాలకి పోతూ, టిక్కెట్టు కొనుక్కుని పెద్ద కులాలవాళ్ల వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చోవడమే మన వాళ్ల నేరమైంది. ఆ దెబ్బ తిన్నవాళ్లు ఎక్కడికి పోయారు? తెనాలికి. 1985 జూలైలో కారంచేడు వాళ్లు ఎక్కడికి పోయారు? చీరాలకి. ఊరు తరిమితే మనకి పట్నమే దిక్కు. అందుకే పట్నం ఎలా మారుతోందన్నది మనకి చావుబతుకుల సంగతి.

మరి ఎలా మారుతోంది? బెజవాడలో పాత హాళ్లు ఒక్కొక్కటే పోతున్నాయి. కొన్ని షాపింగ్ కాంప్లెక్సులయ్యాయి. కొన్నిటికి పేరు ఒక్కటే మిగిలింది, అది కూడా సెంటరు పేరుగా, బస్సు స్టాపు పేరుగా. వాటి బదులు మాల్ లోపల నాలుగో అంతస్తులో, అయిదో అంతస్తులో మల్టీప్లెక్సులు వచ్చాయి. అక్కడ నేల లేదు. బెంచీ లేదు. గేటు దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ కుర్రాడు మనవాడే, బాత్రూములు కడిగే ఆవిడ మన పిన్నే. లోపల సీట్లో మాత్రం మనం లేం. ఎవరూ 'రావద్దు' అనరు. అనక్కర్లేదు. రేటు బోర్డే అంటుంది. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న మరమరాల పొట్లం గేటు దగ్గరే లాక్కుంటారు, లోపల కొనే పేలాల ధరకి మన ఇంట్లో రెండు రోజుల బియ్యం వస్తాయి.

2021 ఏప్రిల్లో అప్పటి ప్రభుత్వం 35 నంబరు జీవో తెచ్చి టిక్కెట్ల ధరలు దించింది. పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో అయిదు రూపాయల టిక్కెట్టు కూడా పెట్టింది. సినిమావాళ్లు గగ్గోలు పెట్టారు. హాలువాడికి కరెంటు బిల్లు కూడా రాదన్నారు. అందులో కొంత నిజం ఉంది, అయిదు రూపాయలతో హాలు నడవదు. 2022 మార్చిలో ధరలు మళ్లీ సవరించారు. ఆ తర్వాత పెద్ద హీరో సినిమా వచ్చినప్పుడల్లా ప్రభుత్వమే ప్రత్యేక జీవో ఇచ్చి ధర పెంచుకోనివ్వడం మామూలైపోయింది. 2024 డిసెంబర్లో ఒక సినిమా ముందురోజు ఆటకి పన్ను కాక 800 రూపాయలు! ఉపాధి హామీలో రెండు మూడు రోజులు తట్ట మోస్తే ఒక్క టిక్కెట్టు. 'ఫోన్లో చూసుకోవచ్చు కదా' అంటారు. చూస్తున్నారు. ఎవడి మంచం మీద వాడు, ఎవడి ఫోన్లో వాడు. అక్కడ మోచెయ్యికి మోచెయ్యి తగలదు. తగలకూడదనే కదా వాళ్లు కోరుకునేది.

బస్సుదీ ఇదే కథ. బెజవాడలో డబ్బున్నవాడు సిటీ బస్సు దిగి స్కూటరెక్కాడు, స్కూటరు దిగి కారెక్కాడు. వాడి కారు కోసం ఫ్లైఓవర్లు లేచాయి. సత్యనారాయణపురం వైపు పాత రైలుదారిలో బీఆర్‌టీఎస్ రోడ్డు అని వేశారు. మధ్యలో బస్సుల కోసమే ప్రత్యేకంగా దారి విడిచారు. రోడ్డు మిగిలింది, బస్సులే లేవు. 2024 డిసెంబర్లో రాష్ట్ర ప్రభుత్వం బెజవాడ మెట్రో రైలు మొదటి దశకి ఒప్పుకుంది. నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి గన్నవరానికి ఒక దారి, పెనమలూరుకి ఒక దారి, మొత్తం 38 కిలోమీటర్ల పైన. అంచనా 11 వేల కోట్ల రూపాయలు. మెట్రో వద్దని మేం అనడం లేదు. కానీ సింగ్‌నగర్‌లో, గుణదల కొండవాలులో, యనమలకుదురులో ఉండే మనిషికి పొద్దున్నే అయిదింటికి ఒక సిటీ ఆర్డినరీ బస్సు వెయ్యడానికి ఎన్ని వేల కోట్లు కావాలో ఇంజనీరు బాబులు చెప్పాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్లలో మునిగినప్పుడు ఎవరు మునిగారో అందరూ చూశారు. వాళ్లకే బస్సూ తక్కువ.

ఇంకోటి. ఆర్టీసీలో డ్రైవరు, కండక్టరు ఉద్యోగాలు రిజర్వేషన్లో మన వాళ్లకి వచ్చిన మంచి ఉద్యోగాలు. మన పల్లెల్లో మొదటి పక్కా ఇల్లు చాలాచోట్ల టీచరుదో కండక్టరుదో అయి ఉంటుంది. ఇప్పుడు రోడ్డు మీద తిరిగే బస్సుల్లో కొన్ని అద్దె బస్సులు. రంగు ఆర్టీసీదే, డ్రైవరు మాత్రం ఓనరు మనిషి. అక్కడ రోస్టరూ లేదు, రిజర్వేషనూ లేదు. కరెంటు బస్సులు కూడా కంపెనీలు నడిపే పద్ధతిలోనే వస్తున్నాయి. సంస్థ ఉద్యోగుల్ని 2020 జనవరిలో ప్రభుత్వంలో కలిపారని సంబరపడ్డాం గానీ కొత్త ఉద్యోగాలు ఎన్ని పడుతున్నాయో యూనియన్లలో ఉన్న మన వాళ్లు అడగాలి.

ఉచిత బస్సు వచ్చాక మన ఇళ్లల్లోనే ఒక తగువు లేచింది. దాన్ని దాచడం మంచిది కాదు. ఆటో తోలే కుర్రాళ్లలో మన వాళ్లు చాలామంది. ఫైనాన్సులో బండి తీసుకున్నారు, నెలనెలా కంతు కట్టాలి. ఆడవాళ్లు బస్సెక్కేసరికి వాళ్ల బేరం పడిపోయింది. భార్య ఫ్రీ బస్సులో పోతుంటే మొగుడు ఖాళీ ఆటోతో స్టాండులో కూర్చుంటున్నాడు. ప్రభుత్వం 2025 అక్టోబర్లో ఆటోవాళ్లకి 15 వేలు చొప్పున వేసింది. అది కంతులకే చాలలేదంటున్నారు. ఈ కోపాన్ని కొందరు తెలివిగా ఆడవాళ్ల మీదకి తోస్తున్నారు. 'మీ ఆడాళ్ల వల్లే మీ పొట్ట కొట్టుకుపోయింది' అని. కాదు. ఆ ఆడమనిషి మిగుల్చుకున్న బస్సు చార్జీ ఆ ఇంట్లోనే ఖర్చవుతోంది, పిల్ల ఫీజుకో, అత్త మందులకో. ఆటో కుర్రాడికి కావాల్సింది వడ్డీ తక్కువ అప్పు, కాగితాల పేరుతో పోలీసుల పీడన లేకుండా చెయ్యడం, బస్సు పోని దారిలో బేరం. స్టేజీ నుంచి మన పల్లె దాకా ఉన్న కిలోమీటరున్నర మట్టిదారిలో ఏ బస్సూ పోదు. ఎస్సీ కార్పొరేషను అప్పులిచ్చేది ఇలాంటి దారుల్లో బండి తోలుకోవడానికి కాకపోతే ఇంకెందుకు?

స్టేజీ అనగానే ఒక సంగతి. మీ ఊళ్లో బస్సు షెల్టరు ఎక్కడుంది? పది ఊళ్లు తిరిగి చూడండి. రామాలయం దగ్గరో, రచ్చబండ దగ్గరో, ఎవరో దొర తండ్రి పేరు రాసిన షెల్టరు ఉంటుంది. పల్లె దగ్గర చింతచెట్టే షెల్టరు. అక్కడ చెయ్యెత్తితే బస్సు ఆగొచ్చు, ఆగకపోవచ్చు. ఆడవాళ్లే నిలబడి ఉంటే ఈ మధ్య అసలు ఆగడం లేదని చాలామంది చెబుతున్నారు. డ్రైవర్లలో మన వాళ్లూ ఉన్నారు. అన్నా, నువ్వు కూడా ఆపకుండా పోతే ఎలా? 'టైము చాలడం లేదు, బస్సు కిటకిటలాడుతోంది, పై అధికారులు మైలేజీ అడుగుతున్నారు' అంటారు. నిజమే కావచ్చు. అయితే బస్సులు పెంచమని అడగడంలో డ్రైవరూ, స్టేజీలో నిలబడ్డ కూలిమనిషీ ఒకే పక్కన ఉండాలి కదా. ఇప్పుడు ఒకర్నొకరు తిట్టుకుంటున్నారు.

ఆఖరి బస్సు సంగతి ఇంకా ఘోరం. మాల్‌లో ఊడ్చే ఆవిడ, ఆస్పత్రిలో ఆయా, హోటల్లో గిన్నెలు తోమే మనిషి పని దిగేది రాత్రి తొమ్మిది, పదింటికి. అప్పటికి చాలా ఊళ్లకి బస్సు ఉండదు. ఇదివరకు నైటాల్టు బస్సు అని ఉండేది. రాత్రి ఊళ్లో ఆగి తెల్లారి బయలుదేరేది. 2020 కరోనాలో ఆపేసిన ట్రిప్పులు కొన్ని మళ్లీ రాలేదని పాఠకులు రాస్తున్నారు. ఉచితం అని పెట్టిన టిక్కెట్టు రాత్రి తొమ్మిది తర్వాత చిత్తుకాగితం. ఆవిడ బస్‌స్టేషన్లో బెంచీ మీద పడుకోవాలి, లేదా తెలియని వాడి బండెక్కాలి. మన ఆడపిల్లలు పట్నంలో కోచింగులకి పోతున్నారు. వాళ్లు సాయంత్రం క్లాసు మానుకుని నాలుగింటికే బయటపడుతున్నారు. మార్కులు తగ్గితే 'రిజర్వేషన్ సరుకు' అంటారు. ఆఖరి బస్సు ఎన్నింటికో అన్నవాడికి తెలీదు. వాడి కారు ఎన్నింటికైనా బయలుదేరుతుంది.

బందరు రోడ్డు మీద స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న బాబాసాహెబ్ విగ్రహం నిలబెట్టారు. విగ్రహం 125 అడుగులు, పీఠం 81 అడుగులు, మొత్తం 206. ఆదివారాలు పల్లెల నుంచి మన ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని, సద్దిమూట కట్టుకుని జీరో టిక్కెట్టు మీద వచ్చి చూస్తున్నారు. టిక్కెట్టు లేకుండా బండి తోలుకుపోయిన పిల్లవాడి బొమ్మ అది. ఆ మైదానంలో ఏళ్ల తరబడి పుస్తకాల పండగ జరిగింది, ఎగ్జిబిషన్లు జరిగాయి, మీటింగులు జరిగాయి. పట్నంలో డబ్బు లేకుండా సాయంత్రం కూర్చోగలిగిన చోట్లు ఎన్ని మిగిలాయో లెక్కేసుకుంటే ఆ చోటు విలువ తెలుస్తుంది. దాన్ని శుభ్రంగా, అందరికీ తెరిచి ఉంచమనీ, రాత్రి పొద్దుపోయాక అక్కడ్నుంచి ఊళ్లకి బస్సు వెయ్యమనీ అడగాలి. దండలు వెయ్యడానికి పార్టీలవాళ్లు ఎలాగూ వస్తారు.

మన ఉద్యమం భూమి అడిగింది, కూలి అడిగింది, స్మశానం అడిగింది, హాస్టళ్లు అడిగింది. బస్సు అడగలేదు. అది చిన్న విషయమనుకున్నాం. ఆ తప్పు ఈ పత్రికది కూడా.

కాబట్టి కార్యకర్తలకి ఒక పని చెబుతున్నాం. మీ పల్లెలో ఆడవాళ్లని ముందు కూర్చోబెట్టి అడిగి, ఈ నాలుగు సంగతులు కార్డు ముక్క మీద రాసి పంపండి. పల్లె నుంచి బస్సు ఆగే చోటుకి ఎంత దూరం. పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి, పట్నం నుంచి ఆఖరి బస్సు ఎన్నింటికి. పల్లె స్టేజీలో ఆగకుండా పోయిన బస్సు ఏ రోజు, ఎన్ని గంటలది, నంబరు దొరికితే నంబరు. ఆగిపోయిన నైటాల్టు ఉంటే అది ఏ ఏడాది నుంచి ఆగింది. మీ మండలంలో హాలు మూతపడి ఉంటే అదీ రాయండి, ఆ చోట ఇప్పుడేముందో కూడా. వచ్చిన కార్డుల్ని డిపోలవారీగా కట్టలు కట్టి, ఏ పల్లె కార్డు ఆ పల్లె ఆడవాళ్ల చేతే డిపో మేనేజరుకి ఇప్పిద్దాం. బెజవాడ కట్టతో మొదలుపెడదాం. ఉయ్యూరు దారిలో వాళ్లు త్వరగా రాయాలి, ఆ బస్సులో నిలబడ్డ పెద్దమనిషి ఈపాటికి పత్రికలకి తన ఉత్తరం రాసే ఉంటాడు.